కార్పెట్ శుభ్రం చేసేవారి భద్రత: దుమ్ము, రసాయనాలు, తడి, కరెంటు

ఇళ్లు, హోటళ్లు, ఆఫీసులు, కల్యాణ మండపాల్లో పరిచే కార్పెట్లను శుభ్రం చేసే సంస్థలు ఇప్పుడు నగరాల్లోనే కాదు, పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. ఫోన్ చేస్తే ఇద్దరు ముగ్గురు పనివారు వాక్యూమ్ క్లీనర్, షాంపూ యంత్రం, నాలుగైదు మందు సీసాలతో వస్తారు. కొన్ని గంటల్లో పని ముగించుకుని మరో చోటికి వెళతారు. ఇంటివారికి ఇది ఏడాదికి ఒకటి రెండు సార్లు జరిగే పని. పనివారికి మాత్రం రోజూ అదే దుమ్ము, అదే ఘాటు ఆవిరి, అదే తడి.

ఈ తేడా చాలా ముఖ్యమైనది. ఒక పదార్థం వల్ల కలిగే హాని దాని గుణం మీదే కాదు, మన శరీరంలోకి అది ఎంత చేరుతుంది, ఎన్నాళ్లు చేరుతుంది అన్న దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 6,000 మందికి పైగా ప్రజల ఊపిరితిత్తుల పనితీరును దాదాపు 20 ఏళ్లపాటు పరిశీలించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో గానీ, వృత్తిగా గానీ శుభ్రపరిచే పని చేసిన మహిళల్లో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతా మహిళల కన్నా వేగంగా తగ్గినట్టు అందులో తేలింది. ఒక్క రోజు దగ్గు పెద్ద విషయం అనిపించకపోవచ్చు. అదే ఏళ్ల తరబడి సాగితే మిగిలేది శాశ్వత నష్టమే.

కార్పెట్ శుభ్రపరిచే పనిలో ఎదురయ్యే ప్రమాదాల్లో చాలావరకు కంటికి కనిపించవు. అయితే వాటి వెనుక ఉన్న భౌతిక, రసాయన శాస్త్ర సూత్రాలు తెలిస్తే, తక్కువ ఖర్చుతోనే వాటిని తప్పించుకోవచ్చు.

కార్పెట్‌లో దాగి ఉండేవి

కార్పెట్ పోగుల మధ్య ఇసుక, మట్టి, బట్టల నూలు ముక్కలు, మన చర్మం నుంచి రాలే పొలుసులు, పెంపుడు జంతువుల వెంట్రుకలు, బూజు బీజాలు చేరుతాయి. చర్మపు పొలుసులను తిని బతికే దుమ్ము పురుగులు కూడా ఉంటాయి. వీటి పొడవు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు. ఇవి కుట్టవు, రక్తం పీల్చవు. కానీ వీటి విసర్జనలోని ప్రోటీన్లు చాలామందిలో తుమ్ములు, ముక్కు కారడం, ఆస్తమా వంటి ఎలర్జీ సమస్యలకు కారణమవుతాయి. ఈ పురుగులకు గాలిలో తేమ కావాలి. అందుకే తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో ఇవి బాగా పెరుగుతాయి.

జంపఖానాను మేడ మీదికి తీసుకెళ్లి కర్రతో కొట్టి దులపడం మన ఇళ్లలో పాత అలవాటు. దీనివల్ల బట్టలోని దుమ్ము పోతుంది గానీ, అందులో కొంత దులిపేవారి ముక్కులోకే చేరుతుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్‌తోనూ ఇలాంటి చిక్కే ఉంది. దాని సంచి పెద్ద రేణువులను పట్టుకుంటుంది, సన్నని రేణువులను వెనక నుంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 2.5 మైక్రాన్ల కన్నా చిన్న రేణువులైతే ఊపిరితిత్తుల లోతుల్లోని గాలి గదుల దాకా వెళ్లగలవు.

హెపా వడపోత ఉన్న యంత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. 0.3 మైక్రాన్ల పరిమాణంలో ఉన్న రేణువుల్లో ఇది కనీసం 99.97 శాతాన్ని పట్టుకోవాలన్నది ప్రమాణం. అంతకన్నా చిన్నవి తప్పించుకుపోతాయేమో అన్న సందేహం రావచ్చు. నిజానికి అలా జరగదు. హెపా వడపోత జల్లెడలా పనిచేయదు. పెద్ద రేణువులు గాలితో పాటు మలుపు తిరగలేక పోగులకు తగిలి అతుక్కుంటాయి. అతి చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగుతూ వెళ్లి పోగులకు తగులుతాయి. ఈ రెండు పద్ధతులకూ తేలిగ్గా చిక్కని మధ్యస్థ పరిమాణమే 0.3 మైక్రాన్లు. అంటే ఆ ప్రమాణం అన్నిటికన్నా కష్టమైన పరీక్ష అన్నమాట.

అయితే ఎంత మంచి యంత్రమైనా సంచి దులిపేటప్పుడు జాగ్రత్త లేకపోతే ఫలితం ఉండదు. అప్పుడు లేచే దుమ్మే ఎక్కువ. ఆ పనిని గది బయట, మాస్కు పెట్టుకుని, సంచిని పెద్ద ప్లాస్టిక్ కవరులో ఉంచి చేయాలి.

కలపకూడని మందులు

మరక పోలేదంటే మరో మందు కలిపి చూద్దాం అనుకోవడం సహజం. ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు ఇదే.

ఇళ్లలో వాడే బ్లీచ్ ద్రావణంలో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. మన దేశంలో దొరికే చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. ఈ వాయువు కంటిలోని, ఊపిరితిత్తులలోని తడితో కలిసి ఆమ్లాలుగా మారి ఆ పొరలను కాలుస్తుంది. పైగా ఇది గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. కనుక పైకి పోకుండా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. మరక తుడిచే మనిషి మోకాళ్ల మీద వంగి, ముఖం నేలకు దగ్గరగా పెట్టుకునేది కూడా అక్కడే.

బ్లీచ్‌కు అమ్మోనియా తోడైనా ప్రమాదమే. అప్పుడు క్లోరమైన్లు అనే ఘాటైన వాయువులు పుడతాయి. అమ్మోనియా సీసాలోనే ఉండనక్కరలేదు. పిల్లి, కుక్క లేదా పసిపిల్లల మూత్రం కార్పెట్‌లో నిలవ ఉంటే అందులోని యూరియా సూక్ష్మజీవుల వల్ల అమ్మోనియాగా మారుతుంది. అలాంటి మరక మీద బ్లీచ్ పోస్తే, ఏ మందూ కలపకపోయినా హానికర వాయువు వెలువడుతుంది.

అసలు ఉన్ని కార్పెట్ మీద బ్లీచ్ వాడటమే తప్పు. ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. బ్లీచ్ ఆ ప్రోటీన్‌ను కరిగించేస్తుంది. ఘాటైన క్షారాలు కూడా ఉన్నిని దెబ్బతీస్తాయి. ఏలూరు తివాచీలైనా, ఉత్తరప్రదేశ్‌లోని భదోహీలో నేసే ఉన్ని కార్పెట్లయినా ఈ విషయంలో ఒకటే. వాటికి పీహెచ్ 7కు దగ్గరగా ఉండే మందులే మంచివి. కార్పెట్‌ను కాపాడే నియమమే ఇక్కడ మనిషినీ కాపాడుతుంది.

తుప్పు మరకలు తీసే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. పలుచని ద్రావణం చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు. నొప్పి కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. ఈలోగా ఆమ్లం చర్మం లోపలికి వెళ్లి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. అది గుండె లయను కూడా దెబ్బతీయగలదు. సీసా మీద ఈ పేరు ఉంటే ఆ మందు వాడకపోవడమే మంచిది. పొరపాటున మీద పడితే నొప్పి లేకపోయినా వెంటనే నీటితో బాగా కడిగి, ఆస్పత్రికి వెళ్లి, పడిన మందు పేరు వైద్యులకు చెప్పాలి.

ద్రావణుల ఆవిరి

నూనె, గ్రీజు, రంగు మరకలకు థిన్నర్, టర్పెంటైన్, కొన్నిచోట్ల పెట్రోలు కూడా వాడుతుంటారు. వీటి ఆవిరి కూడా గాలి కన్నా బరువే. నేల మీదుగా పాకి, దూరంగా ఉన్న పొయ్యినో, దీపాన్నో చేరి అంటుకోగలదు. ఇంకా ఆరని చోట మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే మోటారులో పుట్టే నిప్పురవ్వలకే మంట లేవవచ్చు. పెట్రోలును శుభ్రపరిచే మందుగా ఎప్పుడూ వాడకూడదు.

డ్రైక్లీనింగ్‌లోనూ, మరకలు తీయడంలోనూ వాడే పెర్‌క్లోరోఇథిలిన్ అంత సులభంగా అంటుకోదు. దానితో వచ్చే ప్రమాదం వేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. ఇదే కుటుంబానికి చెందిన ట్రైక్లోరోఇథిలిన్‌ను క్యాన్సర్ కారకంగానే నిర్ధారించింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 డిసెంబరులో ట్రైక్లోరోఇథిలిన్ వాడకాలన్నిటినీ దశలవారీగా నిషేధిస్తూ, పెర్‌క్లోరోఇథిలిన్‌ను సాధారణ వినియోగదారులకు అమ్మకుండా నియమాలు ప్రకటించింది. కార్పెట్ మరకల మందు కొనేటప్పుడు సీసా మీద ఈ రెండు పేర్లు ఉన్నాయేమో చూడాలి.

ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమా?

షాంపూ ఎంత ఎక్కువ వేస్తే మురికి అంత బాగా పోతుందన్నది అపోహ. నురగగా మారి కడిగినా పోని షాంపూ ఆరాక పొడిలా పోగుల మధ్య మిగిలిపోతుంది. నడిచినప్పుడల్లా అది గాలిలోకి లేస్తుంది. అమెరికాలో ఒక కార్యాలయంలోనూ, ఒక శిశు సంరక్షణ కేంద్రంలోనూ కార్పెట్లకు షాంపూ పెట్టిన తర్వాత అక్కడున్నవారికి గొంతు మంట, దగ్గు వంటి బాధలు కలిగినట్టు 1982లో ఒక శాస్త్రీయ నివేదిక వెలువడింది. పైగా మిగిలిపోయిన షాంపూ జిగురుగా ఉండి కొత్త మురికిని త్వరగా పట్టేస్తుంది. సీసా మీద 1 వంతు మందుకు 20 వంతుల నీరు అని ఉంటే, కొలత గ్లాసుతో కొలిచే కలపాలి. ముందు నీరు పోసి, తర్వాత అందులో మందు పోయాలి.

స్ప్రే వాడకంలోనూ జాగ్రత్త అవసరం. రక్తం, పాలు, ఆహారం మరకలను విడగొట్టడానికి ఎంజైములు ఉన్న మందులు వాడతారు. బట్టలు ఉతికే పొడుల్లో ఎంజైములు కలపడం మొదలైన కొత్తలో, ఆ కర్మాగారాల్లో పనిచేసినవారికి ఆస్తమా వస్తున్నట్టు 1969లో బ్రిటన్‌లో గుర్తించారు. ఎంజైములు కూడా ప్రోటీన్లే. పీలిస్తే ఎలర్జీకి దారితీస్తాయి. అందువల్ల వీటిని సన్నని తుంపరగా గాలిలోకి కొట్టకుండా, గుడ్డ మీద పోసి మరకకు అద్దడం మేలు.

తడి చేతులు, కరెంటు

కార్పెట్ పనిలో నీరు, కరెంటు ఒకే చోట ఉంటాయి. పొడిగా ఉన్న చర్మం కరెంటును బాగానే అడ్డుకుంటుంది. దాని నిరోధం లక్ష ఓమ్‌ల దాకా ఉండవచ్చు. చర్మం తడిస్తే అది 1,000 ఓమ్‌లకు పడిపోవచ్చు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టులను ఈ సంఖ్యలతో భాగిస్తే తేడా అర్థమవుతుంది. పొడి చర్మం గుండా 2.3 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తే, తడి చర్మం గుండా 230 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి. మొదటిది చిన్న జిల్లు మాత్రమే. రెండోది గుండెను ఆపగలదు.

ఇంట్లో ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా పనికిరాదు. ఎంసీబీ ఉన్నది వైర్లను కాపాడటానికి. 16 ఆంపియర్ల ఎంసీబీకి 230 మిల్లీఆంపియర్లు లెక్కలోకే రావు. మనిషిని కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు అంతా తిరిగి వస్తోందా, మధ్యలో మరో దారిలో భూమిలోకి పోతోందా అని అది గమనిస్తుంది. తేడా రాగానే సెకనులో మూడో వంతు కన్నా తక్కువ సమయంలో సరఫరా ఆపేస్తుంది. శుభ్రపరిచే సంస్థలు అన్ని ఇళ్లలోనూ ఇది ఉంటుందని అనుకోకుండా, ఆర్‌సీసీబీ అమర్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డును వెంట తీసుకెళ్లాలి. ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గులు, టేపు చుట్టిన వైర్లు వాడకూడదు. బోర్డును తడి కార్పెట్ మీద కాకుండా ఎత్తులో, పొడి చోట ఉంచాలి.

పెట్రోలు లేదా డీజిల్‌తో నడిచే జనరేటర్‌ను ఇంటి లోపల గానీ, సెల్లార్‌లో గానీ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత అనుకునేలోపే స్పృహ తప్పవచ్చు.

ఆరకపోతే బూజు

శుభ్రం చేసిన కార్పెట్ 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పెరగడం మొదలవుతుంది. పైన ఆరినట్టు అనిపించినా అడుగు పొర తడిగానే ఉండవచ్చు. వేడి కన్నా గాలి కదలిక ముఖ్యం. తడి మీద ఉండే గాలి త్వరగా తేమతో నిండిపోతుంది. ఫ్యాను ఆ గాలిని తోసేసి పొడి గాలిని తెస్తుంది. వర్షాకాలంలో బయటి గాలే తేమగా ఉంటుంది కనుక, అప్పుడు కిటికీలు తెరవడం కన్నా ఏసీని డ్రై మోడ్‌లో నడపడం మేలు.

వరద నీటిలో మునిగిన కార్పెట్ సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో పరుపులు, తివాచీలు రోజుల తరబడి నీటిలో నానాయి. అలాంటి నీటిలో మురుగు, ఎలుకల మూత్రం కలిసి ఉంటాయి. ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ క్రిములు చర్మం మీది చిన్న గాట్ల గుండా కూడా శరీరంలోకి ప్రవేశిస్తాయి. మురుగునీటిలో రెండు రోజులకు మించి నానిన కార్పెట్‌ను బాగుచేయాలని చూడకుండా పారవేయడమే మంచిది. తీసేవారు రబ్బరు బూట్లు, మందపాటి తొడుగులు వేసుకోవాలి. తర్వాత జ్వరం, కండరాల నొప్పులు వస్తే వరద నీటిలో పనిచేసిన సంగతి వైద్యులకు తప్పకుండా చెప్పాలి.

నడుము, మోకాళ్లు, చెవులు

లీటరు నీటి బరువు కిలో. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు ఉన్న కార్పెట్ చదరపు మీటరుకు 3 లీటర్ల నీరు పీల్చుకుంటే, దాని బరువు 18 కిలోలు పెరుగుతుంది. తడిసిన కార్పెట్ జారుతుంది, పట్టుకోవడానికి అనువుగా ఉండదు. దాన్ని ఒక్కరే ఎత్తకూడదు. ముందుగా నీటిని యంత్రంతో లాగేసి, చుట్టగా చుట్టి, ఇద్దరు కలిసి మోకాళ్లు వంచి లేపాలి. మరకలు తుడిచేటప్పుడు మోకాళ్ల కింద మెత్త వేసుకోవాలి. తడి కార్పెట్ మీంచి మార్బుల్ లేదా టైల్స్ మీదికి అడుగు పెట్టే చోటే ఎక్కువగా జారుతుంది. అక్కడ పాత తువ్వాలు పరిస్తే చాలు.

యంత్రం పక్కన ఒక మీటరు దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే, శబ్దం సుమారు 85 డెసిబెళ్లకు చేరిందని భావించవచ్చు. రోజంతా అలాంటి చోట పనిచేసేవారికి చెవి ప్లగ్గులు అవసరం.

ఏ మాస్కు దేనికి?

చేతిరుమాలు, గుడ్డ మాస్కు సన్నని దుమ్మును సరిగా ఆపవు. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, కానీ వాయువులను, ద్రావణుల ఆవిరిని ఆపలేదు. వాయువు అణువులు దాని పోగుల మధ్య నుంచి తేలిగ్గా వెళ్లిపోతాయి. ద్రావణులతో పని తప్పనిసరైతే ఉత్తేజిత కర్బనం ఉన్న కార్ట్‌రిడ్జ్ మాస్కు వాడాలి. చేతులకు నైట్రైల్ తొడుగులు, కళ్లకు పక్కలు మూసి ఉండే అద్దాలు ఉండాలి.

అయితే మాస్కు చివరి రక్షణ మాత్రమే. హానికర మందును అసలు వాడకపోవడం మొదటిది. గాలి ఆడేలా చూడటం రెండోది. పని పద్ధతి మార్చుకోవడం మూడోది. ఈ మూడూ చేశాక కూడా మిగిలిన ప్రమాదానికే మాస్కు.

పని మొదలు పెట్టే ముందు

• కార్పెట్ ఉన్నిదా, పట్టుదా, నూలుదా, సింథటిక్‌దా అని తెలుసుకోవాలి. మరక దేనిదో, అంతకుముందు ఇంటివారు దాని మీద ఏ మందు వేశారో అడగాలి.
• ఇంట్లో ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, గర్భిణులు ఉంటే పని జరిగేటప్పుడు వేరే గదిలో ఉండమనాలి. కార్పెట్ ఆరేదాకా పిల్లలను దాని మీద ఆడనివ్వకూడదు.
• కిటికీలు తెరిచి, ముందుగా పొడి దుమ్ము తీసి, తర్వాతే తడి పని మొదలుపెట్టాలి.
• మందులను అసలు సీసాల్లోనే ఉంచాలి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకూడదు. ప్రతి మందు సేఫ్టీ డేటా షీట్‌ను తయారీదారు నుంచి అడిగి తీసుకోవాలి. దానిలోని 16 భాగాల్లో ప్రథమ చికిత్స, కలపకూడని పదార్థాల వివరాలు ఉంటాయి.
• కంట్లో మందు పడితే కనీసం 15 నిమిషాలు శుభ్రమైన నీటి ధార కింద కడగాలి. ఘాటు వాయువు వస్తే దాన్ని ఆపే ప్రయత్నం చేయకుండా అందరూ ఆరుబయటికి వెళ్లి, 108కి ఫోన్ చేయాలి. ఊపిరాడని ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు కనుక, తగ్గిపోయిందని ఇంటికి వెళ్లిపోకూడదు.

బాధ్యత ఎవరిది?

పని చోట ప్రమాదాలు లేకుండా చూడటం యజమాని బాధ్యత అని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ చెబుతోంది. అయితే అది ప్రధానంగా 10 మంది లేదా అంతకు మించి పనివారు ఉన్న సంస్థలకు వర్తిస్తుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే సంస్థలు చాలావరకు ఆ పరిధిలోకి రావు. అలాంటి చోట యజమాని అవగాహన, పనివారికి ఇచ్చే శిక్షణ, పని చేయించుకునేవారి శ్రద్ధే రక్షణ.

ఇంటివారు చేయగలిగింది కూడా ఉంది. గంటలో అయిపోవాలని తొందరపెట్టకపోవడం, కిటికీలు తెరవడం, పొడిగా ఉన్న ప్లగ్గు పాయింటు చూపించడం, మరక పూర్తిగా పోలేదని మరో ఘాటైన మందు పోయమని బలవంతం చేయకపోవడం. కొన్ని మరకలు పోవు. ఆ మాట చెప్పే స్వేచ్ఛ పనివారికి ఉంటే, వారి ఊపిరితిత్తులకు జరిగే హాని చాలావరకు తగ్గుతుంది.